కుడి మోచేతికి చెక్కిన గిటారు

సగం బల్ల కుర్చీని కనిపెట్టిన మనిషి ఎవరో నాకు తెలియదు గాని, అతను జన్మలో ఏమీ రాసి ఉండడని మాత్రం చెప్పగలను. కుర్చీకి కుడివైపు పలక లాంటి చెక్క ఒకటి బిగించి ఉంటుందే, అది. దాని మీద పుస్తకం పెడితే మోచెయ్యి గాలిలో ఉంటుంది. మోచెయ్యి పెడితే పుస్తకం ఒళ్ళో ఉంటుంది. టీ కప్పు పెడితే కాసేపటికి అదీ ఒళ్ళోనే ఉంటుంది. బెంగళూరులో నేను చేరిన ప్రతి కంపెనీలోనూ శిక్షణ గదుల నిండా అవే కుర్చీలు. మనిషిని ప్రపంచస్థాయికి తీసుకెళ్ళడానికి సగం బల్ల చాలని ఎవరో తీర్మానించారు. మిగతా సగం ఎవరింట్లో ఉందో మరి.

రెండువేల ఒకటో సంవత్సరం ప్రాంతంలో అలాంటి కుర్చీ ఒకటి మా ఇంటికే వచ్చింది. తెచ్చింది మా బావ, అంటే మా అక్క భర్త. అమెరికాలో మార్కెట్ పడిపోయి, ఇక్కడి కంపెనీలు కొత్తవాళ్ళను చేర్చుకోవడం ఆపేసిన రోజులవి. శిక్షణ ఇవ్వడానికి మనుషులు లేక బావ వాళ్ళ కంపెనీలో శిక్షణ గది ఖాళీ చేసి, కావలసినవాళ్ళు కుర్చీలు పట్టుకుపోవచ్చన్నారట. ఉచితమంటే బావ ఆగడు. కారు వెనక సీట్లో ఒకటి పడేసుకుని వచ్చాడు. దాంతో పాటు ఇంకో కబురు కూడా తెచ్చాడు గాని, దాన్ని దించడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆయనను బెంచి మీద కూర్చోబెట్టారు.

సాఫ్ట్‌వేర్‌లో బెంచి అంటే, పని లేదు, జీతం ఉంది, ఎంతకాలం ఉంటుందో ఎవరికీ తెలియదు. స్కూల్లో బెంచి ఎక్కించడం లాంటిదే. కాకపోతే ఇక్కడ కూర్చోనిస్తారు.

బావ ప్రాజెక్ట్ మేనేజర్. పదేళ్ళుగా ఇతరుల చేత పని చేయించి, అది ఎంతవరకు వచ్చిందో అడగడం ఆయన పని. అడగడానికి మనుషులు లేని మేనేజర్‌ను ఇంట్లో పెట్టుకోవడం ఎంత కష్టమో మా అక్కను అడగాలి. పాలవాడు ఎందుకు ఆలస్యం చేశాడో మూలకారణం కనుక్కున్నాడు. కుక్కర్ కూతలకు రేఖాపటం గీశాడు. అంతకు ముందు ఎప్పుడూ ఈల వేసుకుంటూ తిరిగే మనిషి, ఈల మానేశాడు. అది మాత్రం ఎవరూ పైకి అనలేదు.

అప్పుడు మేమంతా బెంగళూరు శివారు హూడిలో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. పై అంతస్తులో అక్క, బావ, వాళ్ళ కూతురు, బావ వాళ్ళమ్మ. ఆ పైన మిద్దె మీది ఒంటి గదిలో నేను. కింద ఓనరు. ఓనరుది హూడి ఇంకా పల్లెగా ఉన్నప్పటి నుంచీ ఉన్న తెలుగు కుటుంబం. మాట తెలుగులో మొదలుపెట్టి, మధ్యలో కన్నడం మీదుగా తిప్పి, మళ్ళీ తెలుగులోనే దించేవాడు. పొద్దస్తమానం గేటు పక్క అరుగు మీద కూర్చుని వీధిని పర్యవేక్షించడం ఆయన వృత్తి. నా వృత్తి టెస్టింగ్. ఇతరులు చేసినవాటిలో తప్పులు వెతికి, వాటిని మర్యాదగా రాసి పంపాలి. మర్యాద తప్ప మిగతాది నాకు సహజంగానే వచ్చు.

మా మేనకోడలు అప్పటికి తొమ్మిదో తరగతి. రెండేళ్ళుగా గిటారు క్లాసుకు వెళ్ళేది. ఆ ఏడాది వాళ్ళ స్కూల్లో నలుగురు ఆడపిల్లలు కలిసి బ్యాండు పెట్టారు. దసరా సెలవుల తర్వాత స్కూలు ఉత్సవంలో వాళ్ళ పాట ఉంది. పాపకు అందులో చోటు దొరికింది గాని, ఒక షరతు మీద. సొంత ఎలక్ట్రిక్ గిటారు ఉండాలి. క్లాసులో తను వాయించే గిటారును మాస్టారు గడప దాటనివ్వడు. పక్క సెక్షన్లో ఒక అమ్మాయి సొంత గిటారుతో సిద్ధంగా కూర్చుని ఉంది. పాప దగ్గర గిటారు లేకపోతే ఆ అమ్మాయి వస్తుంది, అంతే.

"కొనిపెట్టు నాన్నా," అంది.

"కొనడమెందుకు, నేనే చేస్తా," అన్నాడు బావ.

ఇంట్లో అందరం నవ్వాం. పాప మాత్రం నవ్వలేదు. ఆమెకు వాళ్ళ నాన్న గురించి మాకంటే బాగా తెలుసు.

ఆ ఆదివారమే హాల్లో మీటింగు పెట్టాడు. ఫ్రిజ్ తలుపుకు చార్టు అంటించి, స్కెచ్ పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. నేను టెస్టర్‌ను కాబట్టి నన్ను కూడా కూర్చోమన్నాడు.

"ఇది కస్టమ్ గిటార్. షాపులో దొరికేది అందరి కోసం. ఇది ఒక్క యూజర్ కోసం," అని కూతురి వైపు తిరిగాడు. "ఫస్ట్ రిక్వైర్‌మెంట్. ఏ కలర్?"

"కలర్ ఏదైనా ఫర్వాలేదు నాన్నా. కానీ క్లాసులో సార్ నాకు వేరే…"

"క్లాస్ గిటార్ వదిలెయ్. నీ చెయ్యి, నీ సైజు, నీ కంఫర్ట్. కలర్ చెప్పు."

"బ్లూ."

"గుడ్. రిక్వైర్‌మెంట్స్ ఫ్రీజ్, ఇక మార్పుల్లేవు," అని చార్టు మీద నీలం అని రాసి, కింద గీత గీశాడు.

బావ వాళ్ళమ్మ సోఫాలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. హిందూపురం దగ్గరి మనిషి. నేను అత్తమ్మా అంటాను, పాప అవ్వా అంటుంది. "వీణ నేర్పిద్దాం అంటే వద్దంటిరి. ఇప్పుడు కరెంటు వీణా?" అందామె.

బావ దానికి జవాబివ్వకుండా అందరికీ గిటారు పాఠం చెప్పాడు. ఎడమ చేత్తో మెడ మీద తీగలను నొక్కుతారు, కుడి చేత్తో మీటుతారు. కాబట్టి మెడ ఎంత మందం ఉండాలో నొక్కే చెయ్యి చెబుతుంది. "ఎడమ చెయ్యి ఈ పేపర్ మీద పెట్టు, గీస్తా."

"థూ," అంది అత్తమ్మ. "శుభమా అని మొదలుపెట్టేది ఎడం చేత్తోనా? కుడి చెయ్యి పెట్టు పాపా."

ఇంకొకరైతే వాదించేవాళ్ళు. బావ తల్లితో వాదించడు, తర్కం వెతుక్కుంటాడు. "ఏదైనా ఒకటేలే. మిర్రర్ ఇమేజ్," అన్నాడు. పాప కుడి చెయ్యి కాగితం మీద ఆనించింది. బావ పెన్సిల్‌తో వేళ్ళ చుట్టూ గీస్తుంటే ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. ఆ చూపులో ఏదో హాస్యం ఉంది గాని, నాకు అందలేదు. తర్వాత అర్థమైంది. ఆ గిటారు మొత్తంలో ఆ పిల్లకు సరిపోయిన కొలత అదొక్కటే.

ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. పాప ఎల్‌కేజీలో ఉండగా ఎడమ చేత్తో పలక పట్టింది, ఎడమ చేత్తో ముద్ద కలిపింది. వార్త హిందూపురం చేరింది. అత్తమ్మ పెట్టె సర్దుకుని దిగింది. పిల్ల ఎడమ చేతికి కాకరకాయ రసం పూసింది. అన్నం తినేటప్పుడు ఆ చేతిని తొడ కింద పెట్టించింది. రాసేటప్పుడు దానికి రుమాలు చుట్టింది. తరవాతి దసరాకల్లా పిల్ల బుద్ధిగా కుడి చేత్తో తింటూ, కుడి చేత్తో రాస్తూ కనబడింది. ఆఫీసులో కూడా బావ దీన్ని విజయగాథగా చెప్పేవాడు. పట్టుదల ఉంటే ఏ సమస్యనైనా మూలాల్లోంచి తీసెయ్యొచ్చని, అందుకు వాళ్ళమ్మే ఉదాహరణ అని.

మా టెస్టింగ్‌లో దీనికి వేరే పేరుంది. తప్పును మేం చూపిస్తాం. ప్రోగ్రాం రాసినవాడు వచ్చి ఒకసారి నొక్కి చూసి, 'నా దగ్గర రాలేదు' అని రాసి మూసేస్తాడు. తప్పు పోయిందని కాదు. చూసేవాడి ముందు రాదని.

సరే, చెక్క. ఎలక్ట్రిక్ గిటారుకు ఏ చెక్క మంచిదో చెప్పే ఇంటర్నెట్ పేజీలను బావ ఆఫీసు ప్రింటర్ మీద కట్టలు కట్టలుగా తీశాడు. బెంచి మీద ఉన్నవాడికి కంపెనీ మిగిల్చేది ప్రింటర్ ఒక్కటే. అందులో రాసిన చెక్కలేవీ మన వైపు మొలవవు. చివరికి తమిళనాడు సరిహద్దులోని అత్తిబెలె దగ్గర కూల్చిన ఇళ్ళ కలప అమ్మే డిపో ఉందని ఎవరో చెబితే, చెక్‌పోస్టు లారీల వెనక సగం ఆదివారం గడిపి అక్కడికి చేరాం. బావ ప్రతి దూలాన్నీ వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినడం మొదలుపెట్టాడు. డిపో అతను కాసేపు చూసి నన్ను పక్కకు పిలిచాడు.

"సారు ఏం వెతుకుతాండాడు? తలుపుకా, కిటికీకా?"

"గిటారుకు."

అతను కొంచెం ఆలోచించాడు. "చెదలు మాత్రం పట్టదు," అన్నాడు.

దొరికింది ఒక పాత ఇంటి ద్వారబంధం. టేకు. నాలుగు తరాల మనుషులు కింద నుంచి లోపలికీ బయటికీ తిరిగిన చెక్క. ఒక మూల బందు బిగించిన రంధ్రం, ఇంకో మూల ఎంత చిత్రిక పట్టినా పోని పసుపు మరక. అత్తమ్మ మేడ మెట్ల మీంచే దాన్ని గుర్తుపట్టింది.

"గడప కట్టెను ఒళ్ళో పెట్టుకుని గోకుతారట్రా?"

"గడప కాదమ్మా. పైది."

"పైదైతే మామిడాకులు కట్టేది. అదింకా పాపం."

కారు షెడ్డు కార్ఖానా అయింది. కారు వీధిలో ఎండకు ఎండింది. ద్వారబంధం నీడన పడుకుంది. ఓనరు అరుగు మీంచి దీన్ని గమనించి, "కారు బయట, కట్టె లోపల. సరిపాయె," అన్నాడు. అంతకు మించి అద్దె ఒప్పందంలో అభ్యంతరం చెప్పడానికి ఏమీ లేదు.

షెడ్డులో సగం బల్ల కుర్చీ ఒక్కటే ఆసనం. బావ దాని మీద కూర్చుని, పక్క చెక్క మీద గిటారు పటం పరుచుకునేవాడు. పటం జారి ఒళ్ళో పడేది. గోడ మీద ఇంకో చార్టు. దేహం కోయడం, మెడ చెక్కడం, వీణకు మెట్లు అంటామే, వాటి లాంటి సన్న లోహపు మెట్లు మెడ మీద దిగగొట్టడం, వైరింగు, రంగు. ప్రతి దశకూ గడువు. ప్రతి శనివారం పొద్దున సమీక్ష. సమీక్షకు వచ్చేవాళ్ళం బావ, నేను. చేసేవాడూ బావే, ఎంతవరకు వచ్చిందని అడిగేవాడూ బావే. అడిగినప్పుడు గొంతు మారేది.

"మెడ ఎందుకు లేటయింది?"

"కరెంటు లేదు కదా."

"ముందే రిస్కు కింద రాయాల్సింది."

"రాస్తా."

ఇవి రెండూ ఆయనే అనేవాడు. నేను టీ తాగేవాణ్ణి.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. బావ చేతులు బాగానే పనిచేశాయి. అదే నాకు మింగుడుపడలేదు. ఉలి పట్టిన మొదట్లో కాలి బొటనవేలు తప్ప ఏదీ చెక్కలేదు గాని, వర్షాకాలం ముగిసేసరికి ద్వారబంధంలోంచి ఒక గిటారు దేహం బయటపడింది. కింది వైపు వేళ్ళు పైమెట్ల దాకా వెళ్ళేందుకు చంద్రవంకలా కోత. బందు రంధ్రాన్ని పెద్దది చేసి వైరు దూర్చే చోటుగా వాడుకున్నాడు. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది చెంపలా నున్నగా చేశాడు. బరువు మాత్రం గ్రైండరుకు దగ్గరగా ఉంది. రుద్దేటప్పుడు ఈల వేసేవాడు. ఆ ఈల వినబడగానే అక్క వంటింట్లో మిక్సీ ఆపేసేది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆఫీసు నుంచి తొందరగా వచ్చాను. మా వీధిలో క్రికెట్ జరుగుతోంది. బౌలింగు మా మేనకోడలు. పరుగెత్తుకుంటూ వచ్చి, ఎడమ చెయ్యి గిర్రున తిప్పి వదిలింది. బంతి నేల మీద పడి లోపలికి తిరిగి, చెక్కపెట్టె వికెట్‌కు తగిలింది. అవుటైన కుర్రాడు బ్యాటు విసిరికొట్టాడు.

"ఈ పుర్రచేతి బాలు యా పక్క తిరుగుతాదో నాకే తెల్దప్పా," అన్నాడు ఓనరు, నాకు చోటిస్తూ. పుర్రచెయ్యి అంటే మా వైపు ఎడమచెయ్యి. "మా కిటికీ అద్దం రెండుసార్లు పగలగొట్టినాది. అయినా చూడాలనిపిస్తాది. నోడి, చూడు, మళ్ళీ వస్తాంది."

"ఎప్పటి నుంచి ఆడుతోంది?"

"మీరొచ్చినప్పటి నుంచీ. ఏం, నీకు గొత్తిల్లా?"

నాకు గొత్తిల్లా. ఒకే ఇంట్లో ఉండి కూడా తెలియదు. ఆ రాత్రి మెట్ల మీద పాపను పట్టుకున్నాను.

"గిటారు కూడా ఎడమ చేత్తోనేనా?"

"మీటేది ఎడమతో. నొక్కేది కుడితో. క్లాసులో లెఫ్ట్ హ్యాండ్ గిటార్ ఒకటే ఉంది మామా. అందుకే సార్ బయటికివ్వడు."

"మీ నాన్నకు చెప్పొచ్చు కదా."

"చెప్పా. 'నాకు ఎడమచేతి వాటం' అన్నా. 'అది ఎప్పుడో పోయింది కదమ్మా' అన్నాడు."

"ఇంకోసారి చెప్పు."

"నువ్వు వినట్లేదా మామా? ఈల వేస్తున్నాడు."

పిల్లే నన్ను ఓదార్చింది. గిటారు చేతికొచ్చాక తిప్పి పట్టుకుంటుందట. తీగలు తీసి తలకిందులుగా వేసుకుంటుందట. అలా వాయించేవాళ్ళు కూడా ఉంటారని మాస్టారు చెప్పాడట. ఉత్సవం రోజుకు చాలు. వాళ్ళ నాన్న స్టేజి ముందు కూర్చుంటే ఏం చేస్తుందో మాత్రం ఇంకా ఆలోచించలేదట.

సగం బల్ల కుర్చీ మీద నాకున్న ఫిర్యాదంతా కుడిచేతివాడి ఫిర్యాదని నాకు అప్పుడు తట్టింది. ఎడమచేతివాళ్ళకు ఆ సగం కూడా లేదు.

అక్కను అడిగాను. వంటింట్లో చపాతీలు కాలుస్తూ వెనక్కి తిరగకుండానే అంది: "తల్లిని, నాకు తెలీదా? నాతో పాటు కూరగాయలు తరుగుతుంది కదా, ఏ చేత్తో అనుకున్నావు? అత్తమ్మ అడుగుల చప్పుడు వినబడగానే కత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుతుంది. నాకు చూసి చూసి అలవాటైపోయింది."

"మరి బావకు?"

"ఆయనకు చెబితే, 'మా అమ్మ అంత కష్టపడి మాన్పించింది, నువ్వు మళ్ళీ మొదలుపెట్టించావా' అంటాడు. నువ్వు చెప్పు. తప్పులు చెప్పడానికే కదా నీకు జీతమిచ్చేది."

చెప్పాను. శనివారం సమీక్షలో, ఆఫీసులో చెప్పినట్టే చెప్పాను. వాడబోయే మనిషి ఎడమచేతి వాటం, వస్తువు కుడిచేతి వాటం, ప్రభావం తీవ్రం, రంగు వెయ్యకముందే సరిచేస్తే మంచిది.

"ఎక్కడ చూశావు?"

"వీధిలో. బౌలింగులో."

"బౌలింగ్ వేరు, గిటార్ వేరు. రైట్ హ్యాండర్స్ చాలామంది లెఫ్ట్‌తో బౌల్ చేస్తారు."

"ఎవరు?"

"ఉంటారు." ఉప్పుకాగితం మడిచి మళ్ళీ రుద్దసాగాడు. "ఇంట్లో చూశావా? అన్నం తినేటప్పుడు? హోంవర్క్ చేసేటప్పుడు?"

"ఇంట్లో రాదు."

"రాకపోతే క్లోజ్ చెయ్యి."

ఆఫీసులో అయితే మళ్ళీ తెరిచేవాణ్ణి. ఇక్కడా తెరిచాను, తరవాతి శనివారం. రిక్వైర్‌మెంట్స్ ఫ్రీజ్ అయ్యాయన్నాడు. పైగా ఈ దశలో ఇలాంటివి లేవనెత్తడం టెస్టర్లకు అలవాటే అని కూడా అన్నాడు. ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎన్ని ప్రాజెక్టులను ఈ మాటతో ముంచాడో తలచుకుంటే, బెంచి మీద పెట్టడానికి ఇంతకాలం ఎందుకు పట్టిందా అనిపించింది.

ఆ తర్వాత జరిగిందే అన్నిటికంటే ఘోరం. గొప్ప గిటార్లకు మోచెయ్యి ఆనే చోట చెక్కను కొంచెం వంపుగా తీసేస్తారని బావ చదివాడు. అందరిలా సుమారుగా తీస్తే అది కస్టమ్ ఎలా అవుతుంది? పాపను పిలిచి సగం బల్ల కుర్చీలో కూర్చోబెట్టాడు. పక్క చెక్క అడ్డొస్తుంటే మరలు విప్పి దాన్ని ఊడదీశాడు. ఆ కుర్చీకి ఎవరైనా చేసిన మంచి పని అదొక్కటే. తర్వాత ఆమె కుడి మోచేతికి ముగ్గుపిండి పూశాడు.

"మామూలుగా ఎలా పట్టుకుంటావో అలా పట్టుకో," అన్నాడు.

పాప గిటారు దేహాన్ని ఒళ్ళోకి తీసుకుంది. ఎడమ తొడ మీద పెట్టబోయింది. అప్పుడే అత్తమ్మ టీ గ్లాసులతో షెడ్డులోకి వచ్చింది. చెక్క కుడి తొడ మీదికి మారింది. వంటింట్లో కత్తి ఎలా మారుతుందో నాకు కళ్ళకు కట్టినట్టు కనబడింది. కుడి మోచెయ్యి చెక్క మీద ఆనింది. తీసేసరికి తెల్లటి గుర్తు.

"పర్ఫెక్ట్," అన్నాడు బావ. ఆ గుర్తు చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఉలి తీసుకున్నాడు.

రెండు సాయంత్రాలు చెక్కాడు. చిన్న దొన్నెలా నున్నటి పల్లం. అందులో ఆ పిల్ల కుడి మోచెయ్యి తప్ప లోకంలో ఏ మోచెయ్యీ అంత బాగా కూర్చోదు. పని మాత్రం అద్భుతంగా ఉంది. నేను వేలు పెట్టి చూసి ఏమీ అనకుండా గదికి వెళ్ళిపోయాను. నేను ఏమీ అనకపోవడం బావకు ఎంత నచ్చిందంటే, చార్టు మీద నా పేరు పక్కన టిక్కు కొట్టాడు.

నీలం రంగు పడింది. అమెరికా నుంచి తిరిగొచ్చిన మిత్రుడు ఒకడు తీగల కదలికను పట్టుకునే పికప్పులు తెచ్చిచ్చాడు. శబ్దం పెంచే, తగ్గించే మరలు పల్లానికి కింది వైపు, కుడి చెయ్యి మీటుతూ మీటుతూ చిటికెన వేలితో తిప్పుకునేంత దగ్గరగా బిగించాడు. అదీ ఆ పిల్ల వేళ్ళ కొలతతోనే.

ఆయుధపూజ రోజుకు గిటారు తయారైంది. అంతకంటే మంచి ముహూర్తం ఏముందంది అత్తమ్మ. షెడ్డు కడిగి ముగ్గు వేశారు. డ్రిల్లింగ్ మిషను, ఉలులు, చిత్రిక, కారు, అక్క మిక్సీ, చివరికి సగం బల్ల పోయిన కుర్చీ, అన్నిటికీ విభూతి, కుంకుమ బొట్లు. కారు చక్రాల కింద నిమ్మకాయలు. గిటారు ఒక పీట మీద, పూలదండ కింద. పసుపు మరక ఉన్న ద్వారబంధం మళ్ళీ పసుపు పూయించుకుంది. దానికి ఇల్లు మారినట్టు కూడా తెలిసి ఉండదు.

ఓనరును పిలిచారు. బొరుగులు, బెల్లం, కొబ్బరి ముక్కలున్న పళ్ళెం అందుకుని, ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. వీధి క్రికెట్ జట్టు మొత్తం బొరుగుల కోసం గేటు దగ్గర చేరింది. బ్యాండు పిల్లల దగ్గర అరువు తెచ్చిన యాంప్లిఫైయరు ఒక మూల గుయ్యిమంటోంది. సెలవులు అయిపోగానే ఉత్సవం. ఆ నలుగురిలో పాప ఉంటుందా, పక్క సెక్షన్ అమ్మాయి ఉంటుందా అన్నది ఈ పీట మీద ఉంది.

హారతి అయ్యాక బావ గిటారు ఎత్తి కూతురికి అందించాడు. మాట్లాడాలని నోరు తెరిచి, ఊరికే తల ఊపాడు. మీటింగుల్లో ఇంత తక్కువ మాట్లాడి ఉంటే ఎక్కడికో వెళ్ళేవాడు.

"కుడి చేత్తో తీసుకో పాపా," అంది అత్తమ్మ.

కుడి చేత్తోనే తీసుకుంది. కుర్చీలో కూర్చుని, మోచెయ్యి పల్లంలో పెట్టింది. సరిగ్గా అతికింది. బావ మా అందరి వైపూ ఒకసారి చూశాడు. పాప ఎడమ చేతి వేళ్ళు మెడ మీద తడుముకున్నాయి. కుడి చెయ్యి మీటింది. వచ్చిన శబ్దం రెండేళ్ళు నేర్చుకున్న పిల్లది కాదు. ఇంకోసారి మీటింది. గేటు దగ్గర ఎవడో కిసుక్కుమన్నాడు.

"టెన్షన్ పడకు. కొత్త గిటార్ కదా," అన్నాడు బావ.

పాప ఆగింది. తల వంచుకుని కొంచెంసేపు ఆ నీలం రంగునే చూసింది. తర్వాత గిటారును మెల్లగా ఎడమ తొడ మీదికి తిప్పుకుంది. చంద్రవంక కోత పైకి వెళ్ళింది. వైరు గడ్డం పక్క నుంచి వేలాడింది. లావు తీగ అడుగుకు, సన్న తీగ పైకి పోయాయి. కుడి చెయ్యి మెడను పట్టుకుంది. బావ కాగితం మీద గీసిన చెయ్యి అదే కాబట్టి మెడ దానికి చక్కగా అమరింది. ఎడమ చెయ్యి మీటింది.

షెడ్డు రేకులు అదిరాయి. ఒకే తీగ మీద, పైమెట్ల దాకా పాకి కిందికి దిగిన చిన్న పాట ముక్క. తలకిందులు తీగల మీద కూడా అది పాటే. గేటు దగ్గర పిల్లలు బొరుగులు నమలడం ఆపారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ ముఖం వెలిగింది, వెంటనే ఏదో లెక్క తేడా వచ్చినట్టు ఆగింది.

పాట ఇంకో మలుపు తిరగబోతుండగా, ఇప్పుడు పైకొచ్చిన మరలకు పాప ఎడమ మోచెయ్యి తగిలింది. శబ్దం తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. చెయ్యి ఇంకా మీటుతూనే ఉంది. తీగల కిటకిట తప్ప ఏమీ వినబడలేదు. మోచెయ్యి పక్కకు జరుపుకుని మర తిప్పింది, మళ్ళీ మీటింది, మోచెయ్యి మళ్ళీ అక్కడికే వచ్చింది. మళ్ళీ పోయింది. పాప మీటడం ఆపేసింది.

"తిరగేసి పట్టుకున్నావమ్మా," అన్నాడు బావ. దగ్గరికి వెళ్ళి, ఆమె మోకాలి మీదికి దిగిన ఖాళీ పల్లాన్ని వేలితో చూపించాడు. "మోచెయ్యి పెట్టేది ఇక్కడ కదా. చూడు, నీదే."

అత్తమ్మ హారతి పళ్ళెం వైపు చూసింది. అక్క నా వైపు చూసింది. ఓనరు కొబ్బరి ముక్క నమలడం పూర్తి చేసి, చేతులు దులుపుకున్నాడు.

"ఏమప్పా, పాపది పుర్రచెయ్యని ఈ వీధి కుక్కలకు గూడా తెలుసు. నువ్వు ఇన్ని దినాలు ఏ ఊర్లో ఉండావు?"